అచ్చుతప్పు లేని శుభలేఖ

పట్టుకున్నవారి మనసును బట్టి అక్షరాలు మార్చుకునే శుభలేఖలు వచ్చాక, వాటిని ఎంచుకోవడం రాజసూయమంత ఘనకార్యమైంది. కూతురి పెళ్లికని శుభలేఖల కొట్టుకు వచ్చిన విశ్వంభరరావు చేతిలో పడగానే నమూనా కార్డు నిండా ఆయన బిరుదులే వెలిశాయి. భార్య అందుకోగానే ఆమె పుట్టింటివారి పేర్లు ఆ బిరుదుల నెత్తికెక్కాయి.

"నువ్వూ చూడవే ప్రసూనా! ఎంతసేపలా కాళ్లూపుతావు?" అంది తల్లి.

ప్రసూన అందుకుంది. ముహూర్తం, మండపం, విందు అన్నీ యథాతథంగా ఉన్నాయి. వరుడి పేరు మాత్రం మాయమైంది.

"అచ్చుతప్పు! ఇంకోటి చూపించమ్మా," అని గర్జించాడు తండ్రి.

"వీటిలో అచ్చుతప్పులు రావండీ," అంది కొట్లోని అమ్మాయి.

ప్రసూన కాళ్లూపడం ఆగింది.

"కార్డు నాకు నచ్చింది నాన్నా. ఇక ఇందులోంచి ముహూర్తం కూడా తీసేయించండి."