వెలగని ‘కాదు’

అప్పటికి పెళ్లిళ్ల ఆఫీసులో కాగితాలు, సంతకాలు పోయాయి. గాలిలో మాటలు వెలిగేవి. వేలితో తాకితే చాలు. పెళ్లికూతురు సువర్చల ముందు ‘అవును’ నీలి వెలుగులో మెల్లగా ఊగుతోంది. పక్కనే ‘కాదు’ బూడిదరంగులో నిద్రపోతున్నట్టుంది. తాకి చూసింది. పొగలా వేలికి అందలేదు.

“ఇది పనిచేయట్లేదండీ,” అంది.

“పెళ్లికొచ్చినోళ్లకి దాంతో పనేముందమ్మా? అందుకే ఇద్దరికీ ఆపేశాం,” అన్నాడు అధికారి. “వెలిగించాలంటే పెళ్లికొడుకు ఒప్పుకోవాలి.”

సువర్చల పక్కనే ఉన్న పెళ్లికొడుకు ఫణీంద్ర వైపు తిరిగింది. “నువ్వంటే నాకిష్టమే. కానీ వేరే దారి లేక అవునన్నట్టు ఉండకూడదు.”

ఈ రోజు కోసం ఫణీంద్ర ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. అయినా, “వెలిగించండి సార్,” అన్నాడు.

‘కాదు’ నెమ్మదిగా కళ్లు తెరిచినట్టు వెలిగింది. ఇద్దరి ముఖాల మీదా రెండు వెలుగులూ పడ్డాయి. సువర్చల వేలు ఆ రెంటి మధ్యా కాసేపు ఆగింది.

ఆమె ‘అవును’ తాకింది. తర్వాత అధికారి వైపు చూసి, “ఇప్పుడు ఈయనకి కూడా ‘కాదు’ వెలిగించండి. నేను ఒప్పుకుంటున్నాను,” అంది.