గ్రీసును గట్టెక్కించిన విశ్వనాథ్

విశ్వనాథ్ లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

అది 2015 జులై. అక్కడ గ్రీసు దేశం దివాలా అంచున ఉంది. ఇక్కడ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ వాళ్లు తలా ఒక దేశమై, గ్రీసుకు అత్యవసరంగా అప్పివ్వాలా వద్దా అని వాదించుకుంటున్నారు. ఇచ్చేవాళ్లలో పెద్దది జర్మనీ. షరతులు పెడతానంటున్నదీ అదే. ఎవరి దేశం మాట నెగ్గితే వాళ్లను ఢిల్లీ పోటీలకు పంపుతానన్నారు నారాయణమూర్తి మాస్టారు.

ఢిల్లీ వెళ్లేది తనేనని విశ్వనాథ్‌కు అనుమానమే లేదు. శ్రీకూర్మంలో తాతల నాటి నుంచి పురాణం చెప్పే ఇల్లు వాళ్లది. మాట్లాడటం మొదలుపెడితే తన గొంతు తనకే ముద్దొస్తుంది. ఆ ముద్దులో పడి ఒళ్లు మరిచిపోతాడని ఇంట్లోవాళ్లంటారు గానీ, వాళ్లకేం తెలుసు?

పైగా ఇవాళ లోపల నిజంగానే బాధగా ఉంది. పొద్దున బస్సులో క్లాస్‌మేట్ దేవి చెప్పిన మాట అలాంటిది. వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం.

“హుద్‌హుద్ తుపానుకి మా పడవ ముక్కలైపోనాది. షావుకారు అప్పిచ్చినాడు. ఇచ్చి ఏటన్నాడు? పట్టిన సేపలన్నీ నాకే అమ్మాల, రేటు నేనే సెప్తానన్నాడు. అప్పట్నించి మా అయ్య నవ్వడం సూడలేదు.”

ఆ మాటే తలుచుకుంటూ విశ్వనాథ్ గొంతెత్తాడు.

“అయ్యా! ఏథెన్సులో ముసలివాళ్లు పింఛను కోసం బ్యాంకు గుమ్మాల్లో కూలబడి ఏడుస్తున్నారు. మునిగేవాడికి చెయ్యందించి, వాడి వేలి ఉంగరం లాక్కోవడం సాయమా? పింఛన్లు కొయ్యాలట! రేవులు అమ్ముకోవాలట! పడవ పోయినవాడికి అప్పిచ్చి, వాడి చేపకు రేటు ఇంకొకడు కడతాడా? ఇస్తే షరతుల్లేకుండా ఇవ్వాలి!”

ఎదుటి బల్ల దగ్గర దేవి, తను రాసుకొచ్చిన కాగితాలు మడిచి పక్కన పెట్టేసింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపొచ్చిందేమో, పాపం. విశ్వనాథ్ ఇంకా రెచ్చిపోయాడు.

పక్కనున్న ఈశ్వర్ చొక్కా పట్టి లాగాడు. “ఒరే, ఏటి మాటాడతన్నావురా? కూకో!”

కుళ్లు, అనుకున్నాడు విశ్వనాథ్. చొక్కా విడిపించుకుని, మందులు కొనుక్కోలేని ఒక గ్రీకు ముసలమ్మను సభలోకి తీసుకొచ్చాడు. ఆమె తరఫున దండం పెట్టాడు. ఆమె తరఫున కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఓటింగు పెట్టారు. షరతుల్లేని అప్పుకు చేతులన్నీ లేచాయి. ఒకటే ఈలలు, చప్పట్లు. విశ్వనాథ్ నలువైపులా తిరిగి నమస్కారాలు పెట్టాడు. ఇంతటి జయం వాళ్ల తాతగారికైనా దక్కిందో లేదో!

మాస్టారు లేచి, కళ్లజోడు తీసి, ముఖం తుడుచుకున్నారు.

“ఢిల్లీకి దేవి వెళ్తుంది.”

విశ్వనాథ్ ఒక్క ఉదుటున మాస్టారి ముందుకొచ్చాడు.

“అన్యాయం సార్! ఆ అమ్మాయి నోరే విప్పలేదు!”

“విప్పే అవసరం నువ్వెక్కడ మిగిల్చావయ్యా, గ్రీసు ఆ అమ్మాయిది, నీది జర్మనీ కదా!”