కోడిపుంజుకు రాయితీ

మిల్‌బ్రూక్ సిటీ కౌన్సిల్ ముందు ఆ సాయంత్రం రెండే అంశాలు. ఒకటి కంపెనీ. రెండోది కోడి.

కంపెనీ అంటే దామోదర్ ఇంజనీరుగా పనిచేసే టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కంపెనీ. ఊళ్ళో సగం ఇళ్ళు దాని మీదే బతుకుతున్నాయి. కోడి అంటే, దామోదర్ ఇంటి పెరట్లో రోజూ తెల్లవారకముందే కూసి వీధి మొత్తాన్ని లేపుతోందని పక్కింటి మిసెస్ ప్రూయిట్ ఫిర్యాదు చేసిన కోడి.

అది 1984. టెక్సస్‌లో ప్లేనో పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో తెలుగువాళ్ళ ఇల్లు అదొక్కటే. అలాంటిది, ఇంటిపేరు కాస్తా కోడితో కలిసి సిటీ హాలు నోటీసు బోర్డుకెక్కింది.

సిటీ మనిషి వచ్చి పెరడంతా గాలించాడు. ఈక ముక్క దొరకలేదు. మిట్టమధ్యాహ్నం వస్తే ఏం దొరుకుతుంది? "బాగా దాచారు" అనుకుని వెళ్ళిపోయాడు.

"మామయ్యగారితో మీరే ఒక్క మాట చెప్పేస్తే ఈ గొడవే ఉండదుగా" అంది దామోదర్ భార్య విద్య, కారెక్కుతూ.

"పార్సిప్పనీలో అన్నయ్య చెప్పాడుగా. ఏమైందో చూశావుగా" అన్నాడు దామోదర్ నీరసంగా.

చూడకేం. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో ఉండే జగన్మోహన్ "ఇక్కడ ఇలాంటివి కుదరవు నాన్నా" అన్నాడు, అంతే. ఉమామహేశ్వరరావుగారు మర్నాడే పెట్టె సర్దుకుని చిన్నకొడుకు దగ్గరికి వచ్చేశారు. ఇక్కడా అదే మాట వినబడితే ఆ పెట్టె తిన్నగా ఇండియాకే వెళుతుంది. రిటైరైన తహసీల్దారు ఆయన. మాట పడే మనిషి కాదు.

అమ్మ పోయాక ఎంతగానో బతిమాలితే వచ్చిన తండ్రి. ఇప్పుడిప్పుడే మనవరాలితో ఆడుకుంటూ నవ్వుతున్నారు. ఆ కూత ఆగిన రోజున ఆయన ఈ ఇంట్లో ఒక్క పూట ఉండరని దామోదర్‌కి తెలుసు. అందుకే టై కట్టుకుని కోడి తరఫున వాదించడానికి బయల్దేరాడు.

సిటీ హాలు చూస్తానంటూ ఆయన కూడా కోటు తొడుక్కున్నారు. వద్దనే ధైర్యం ఎవరికుంది?

ముందు కంపెనీ వైస్ ప్రెసిడెంట్ కెండ్రిక్ లేచాడు. "పన్ను మాఫీ చేయకపోతే మేం ప్లేనో వెళ్ళిపోతాం. స్థలం కూడా చూసుకున్నాం" అని కూర్చున్నాడు.

మేయర్‌కి ముచ్చెమటలు పోశాయి. గబగబా చేతులు లేచాయి. కాఫీ చల్లారేలోపు మాఫీ అయిపోయింది.

కోడి అంత తేలిగ్గా తెమలలేదు.

"మా మధ్య కంచె ఎత్తు, అది కనబడదు. కానీ వినబడుతుంది" అంది మిసెస్ ప్రూయిట్. "ముందు గరగరలాడుతుంది. తర్వాత ఎవరో పీక నొక్కుతున్నట్టు అరుస్తుంది. దానికేదో జబ్బుందని నా అనుమానం."

"ఆరోగ్యం బాగానే ఉందండీ. మొదట్నుంచీ పద్ధతే అంత" అన్నాడు దామోదర్.

"వయసెంత?" అడిగాడు మేయర్.

"కాస్త పైబడింది."

"అలాంటప్పుడు కోసుకుని తినేయొచ్చుగా" అన్నాడొక సభ్యుడు.

దామోదర్ ముఖం పాలిపోయింది. "అంత మాట అనకండి" అన్నాడు.

"తోడుకి పెట్ట లేదా, పాపం?" అంది చివర కూర్చున్న పెద్దావిడ.

"ఉండేది. పోయింది."

చెప్పి, టై ముడి సర్దుకుంటూ కిందికి చూశాడు. పెద్దావిడ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది.

అయినా మేయర్ కరగలేదు. "చూడండి, ఇవాళ ఒక కోడి అంటే రేపు మేక అంటారు. శుక్రవారంలోగా తీసేయండి."

దామోదర్ ఓరగా తండ్రి వైపు చూశాడు. ఆ టెక్సస్ యాసలో ఒక్క ముక్క కూడా అర్థంకాని ఆయన, ఇందాకటి నుంచీ అందరూ కొడుకు వైపే చూడటం మాత్రం గమనించారు.

"నీకేమైనా సన్మానమా ఏమిట్రా?" అన్నారు చెవిలో.

"అలాంటిదే నాన్నా. మీరు కూర్చోండి."

ఇక లాభం లేదనుకున్నాడు దామోదర్. ఇందాక పనిచేసిన మాట ఇప్పుడెందుకు పనిచేయదు?

"అయితే మేం ప్లేనో వెళ్ళిపోతాం" అన్నాడు.

కెండ్రిక్ ఉలిక్కిపడ్డాడు. కొత్త ఎక్స్ఛేంజీ ఎలా పనిచేస్తుందో కంపెనీ మొత్తానికి దామోదర్ ఒక్కడికే తెలుసు. "అతను వెళితే మేమూ వెళతాం" అన్నాడు లేచి నిలబడి.

మేయర్ తీర్మానం మార్చి చదివాడు. కంపెనీని ఊళ్ళో నిలబెట్టుకునే రాయితీల్లో భాగంగా, సదరు కోడి జీవించి ఉన్నంతకాలం, తనకిష్టమైన వేళ, తనకిష్టమైన గొంతుతో కూయవచ్చు. గూడు ఖర్చు సిటీదే. మిసెస్ ప్రూయిట్‌కి దూది సరఫరా కూడా సిటీదే.

చేతులు లేచాయి. కోడి క్షేమం కోరి హాలంతా చప్పట్లు కొట్టింది.

ఉమామహేశ్వరరావుగారు లేచి, కోటు సర్దుకుని, నలువైపులా తిరిగి నమస్కారం పెట్టారు. దామోదర్ ఈసారి కూర్చోమనలేదు.

మర్నాడు చీకటి విడకముందే పక్కింట్లో మిసెస్ ప్రూయిట్ నిట్టూర్చి చెవుల్లో దూది కుక్కుకుంటూ ఉండగా, దామోదర్ ఇంటి పెరట్లో ఉమామహేశ్వరరావుగారు నీళ్ళ చెంబు పక్కన పెట్టి, నాలుకబద్ద గొంతు దాకా దింపి, వీధి వీధంతా లేచేలా ముఖం కడుక్కోవడం మొదలుపెట్టారు.