మూడు చుక్కల మోలే

ఏడాదికి ఒక్కసారే సెలవు. అదీ ఒక్క రోజు. ఈ మధ్యాహ్నం ఇల్లు చేరితే రేపు మధ్యాహ్నానికల్లా మళ్ళీ బయల్దేరిపోవాలి.

అందుకే ఎలాదియో నడుస్తున్నాడా పరిగెడుతున్నాడా అన్నట్టు వెళ్తున్నాడు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అతనుండే చోట మిగతా అన్నీ బాగానే ఉంటాయి గానీ, తిండి సంగతి మాత్రం అడక్కూడదు.

పక్కన త్రాన్సితో. మెక్సికోలోని ఒహాకా బజారులో తోపుడుబండి మీద రొట్టెలు కాల్చి అమ్మినవాడు. ఇద్దరిదీ ఒకే వీధి.

"ఏం బావా, ఈసారైనా మీ ఇంట్లో కడుపు నిండా పెడతారా?"

"నోర్ముయ్."

"లేక పోయినేడులా ఆ మూడు చుక్కలేనా?"

ఎలాదియో పళ్ళు నూరాడు. అది తను చేసుకున్న ఘనకార్యమే.

ఒహాకాలో పెళ్ళికైనా పురుటికైనా మోలే ఉండాల్సిందే. ఎండుమిరప, నువ్వులు, చాక్లెట్, మాడ్చిన రొట్టె, అన్నీ రాతి మీద నూరి కుండలో ఉడికించిన నల్లటి గుజ్జు. టర్కీ కోడి ముక్కల మీద గరిటెలు గరిటెలుగా పోస్తారు. మోచేతుల దాకా కారితేనే తిన్నట్టు లెక్క.

చెఫ్ ఎలాదియో తన రెస్టారెంటులో దాన్ని బండి చక్రమంత తెల్ల పళ్ళెంలో మూడు చుక్కలు చేశాడు. పక్కన మొక్కజొన్న నురగ. దాని మీద పటకారుతో పెట్టిన ఒకే ఒక్క ఆకు. పేరు 'అమ్మ కుండ జ్ఞాపకం'. రాజధాని నుంచి పెద్దమనుషులు విమానాలెక్కి వచ్చి మరీ తిన్నారు. తిని, కళ్ళు మూసుకుని, ఆహా అన్నారు. బయటికొచ్చి త్రాన్సితో బండి దగ్గర రెండేసి రొట్టెలు లాగించారు.

"నీ చలవే బావా," అన్నాడు త్రాన్సితో. "నువ్వు వాళ్ళని ఆకలితో పంపబట్టే నా పిల్లలు చదువుకున్నారు."

"ఆకలేస్తే బజారుకి పోవాలి, నా దగ్గరికి కాదు!" అని అప్పట్లో ఎలాదియో ఎగిరెగిరి పడేవాడు. "కోడిపెట్ట కూడా ఇంతకంటే పెద్ద రెట్ట వేస్తుంది కదరా" అన్నందుకు కన్నతల్లి దోన్యా చోనాతో ఒక ఏడాది మాట్లాడలేదు. ఊరంతా నవ్వినప్పుడు అతని పక్షాన నిలబడింది భార్య ఒబ్దూలియా ఒక్కతే.

అసలు సంగతి ఆవిడకీ తెలియదు. ఆ వంటకాన్ని ఎలాదియో ఏనాడూ కూర్చుని తినలేదు. పనివాళ్ళ కోసమని అమ్మ పంపే కుండలో రొట్టె ముంచుకుని, తలుపు చాటున నిలబడి మింగేవాడు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు.

"ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చుగా మీ ఆవిడకి?"

"చెప్పలేదనుకున్నావా? పోయినేడు గొంతు చించుకున్నాను. నా మాట ఎవరి చెవిన పడింది గనక!"

"మా ఇంట్లోనూ అదే వరస," అని త్రాన్సితో పగలబడి నవ్వాడు.

అయినా వాడికేం బాధ? వాడి ఇల్లు రానే వచ్చింది. తెరిచిన తలుపులోంచి అరిటాకుల్లో చుట్టి ఉడికించిన తమాలెల గుట్ట కనిపిస్తోంది, పక్కనే మెస్కాల్ సారా సీసా. వాడు వెనక్కి కూడా చూడకుండా లోపలికి దూరాడు.

ఎలాదియో తన గుమ్మంలో ఆగాడు. వీధి నుంచి లోపలి దాకా బంతిపూల రేకులు చల్లి ఉన్నాయి. లోపలి నుంచి వాసన. అమ్మ మోలే వాసన! మాడిన మిరప, వేగిన నువ్వులు. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి కుండే ఎత్తి తాగేస్తాను అనుకున్నాడు.

వంటింట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటున్నారు.

"ఏడాదికొక్కసారి వచ్చే బిడ్డే! ఎంత దూరం నుంచి నడిచొస్తున్నాడో! ఒక టర్కీ కాలు వేసి, నాలుగు గరిటెలు పొయ్యవే."

"వద్దత్తయ్యా. మీకు ఆయన సంగతి తెలీదు."

"కన్నది నేను. తెలీకపోవడమేమిటి?"

"వెయ్యమ్మా!" గుమ్మంలోంచి ఎలాదియో అరిచాడు. "ఒకటి కాదు, రెండు కాళ్ళూ వెయ్యి!"

వీధిలో టపాకాయలు మోతెక్కిపోతున్నాయి. లోపల ఎవరూ తల తిప్పలేదు.

"ఊరంతా వెక్కిరించినా ఆయన ఈ పళ్ళెం వదల్లేదు," అంది ఒబ్దూలియా. "మీరు వెక్కిరించినా వదల్లేదు. ఇవాళ నేనే కుండలోంచి తోడిపెడితే, నువ్వు కూడానా అని ఆయన బాధపడరూ?"

దోన్యా చోనా గరిటె కుండలో పడేసి శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది.

ఒబ్దూలియా తెల్ల పళ్ళెం తీసింది. ఊపిరి బిగబట్టి మూడు చుక్కలు పెట్టింది. నురగ పోసింది. పటకారుతో ఆకు నిలబెట్టింది. వంగి చూస్తే రెండో చుక్క కొంచెం పెద్దదిగా అనిపించింది. తడిగుడ్డతో దాని అంచు తుడిచింది.

"తుడవకే, నీకు దణ్ణం పెడతాను!" అని గావుకేక పెట్టాడు ఎలాదియో.

ఒబ్దూలియా కళ్ళొత్తుకుని, ఆ పళ్ళేన్ని రెండు చేతులా తీసుకెళ్ళి, కొవ్వొత్తుల మధ్య బంతిపూల దండ వేసి ఉన్న ఎలాదియో ఫొటో ముందు పెట్టింది.