వసారాలో విలన్

"ఆ మనిషి నా బల్ల దగ్గర కూర్చోవడానికి వీల్లేదు," అంది ఓర్ఫా, గరిట చేత్తో పట్టుకుని.

భోజనాల గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

గుమ్మం దాటబోయిన స్ట్రేక్ కాలు వెనక్కి తీసుకున్నాడు.

కౌబాయ్ హీరో క్లే మాడెర్న్ సొంత కంపెనీ అది. ఏటా వేసవిలో సినిమా తీయడానికి మా ఊటా రాష్ట్రపు ఎర్ర కొండల్లోకి దిగుతుంది. ఎప్పుడూ ఆ మొహాలే. గుర్రాలు చూసేది డచ్, విలన్ వేషం స్ట్రేక్‌ది. బస మాత్రం విధవరాలు ఓర్ఫా ఇంట్లో.

"సినిమా తల్లీ అది. ఒట్టి వేషం," అన్నాడు డచ్.

"ఒకసారి వేస్తే వేషం. ప్రతి సినిమాలోనూ విధవరాలి పొలమే లాక్కుంటున్నాడంటే అది బుద్ధి."

"నేనూ చిన్న వేషం వేసి ప్రతి సినిమాలో చస్తున్నాను. బతికి లేనా?" అన్నాడు డచ్.

"అదీ సరిగ్గా చేతకాదు నీకు."

అందరూ నవ్వారు. స్ట్రేక్ కూడా నవ్వాడు.

"కంచం ఇలా ఇవ్వండి అమ్మగారూ. ఈసారి పొలంతోపాటు బావి కూడా లాక్కుంటానట. కథలో రాశారు."

"రా, చూస్తాను. మా ఆయన తుపాకి ఇంకా గోడకే ఉంది."

అతను కంచం అందుకుని వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. తనవాళ్ళంతా లోపల కబుర్లాడుకుంటుంటే బయట ఒక్కడూ తినేవాడు.

"ఒక్కపూట మా మధ్య కూర్చోనివ్వు తల్లీ. వాడడగడు గానీ, వాడికి ఆశ," అన్నాడు డచ్ మెల్లగా.

"నేను చచ్చాక కూర్చోమను."

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఓర్ఫాకి చెప్పగలిగినవాడు మా ఊళ్ళో పుట్టలేదు.

మాడెర్న్ సంగతి వేరు. పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన కేకులో మొదటి ముక్క ఆయనదే. పోయిన వేసవిలో షూటింగ్‌కి భోజనాలు తీసుకెళ్తుంటే ఎండిన వాగులో ఉన్నట్టుండి వరద వచ్చి ఓర్ఫాని బండితో సహా ఈడ్చుకుపోయింది. తెల్ల గుర్రం మీద ఒక మనిషి నీళ్ళలోకి దూకాడు. గుర్రాన్ని వదిలేసి ఈదాడు. ఆమెని జుట్టు పట్టి లాగి ఒడ్డున పడేసి, మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. కళ్ళ నిండా బురద. తెల్ల టోపీ, గళ్ళ చొక్కా తప్ప ఆమె ఇంకేమీ చూడలేదు. ఆ టోపీ, ఆ చొక్కా ఎవరివో దేశంలో పిల్లలందరికీ తెలుసు.

"ఓర్ఫా గారూ, ఆ రోజు..." అన్నాడు మాడెర్న్, కేకు ముట్టకుండా.

పక్కనున్న మేనేజర్ ఫించ్ గట్టిగా దగ్గాడు. "మా హీరోకి పొగిడించుకోవడం ఇష్టం ఉండదండీ."

మాడెర్న్ తల వంచుకున్నాడు. ఎంత వినయమో అనుకుని ఓర్ఫా ఇంకో ముక్క వేసింది.

మర్నాడు కొండ అంచు నుంచి గుర్రాన్ని దూకించే సీను. ఊరంతా వచ్చింది. తెల్ల టోపీ, గళ్ళ చొక్కా మనిషి గుర్రాన్ని అదిలించాడు. గుర్రం దూకింది. కింద రాయి జారింది. గుర్రం పక్కకి ఒరిగి మనిషి మీద పడింది.

"మాడెర్న్!" అని జనం గోలపెట్టారు.

అందరికంటే ముందు ఓర్ఫా చేరింది. తన ప్రాణం కాపాడినవాడు కదా, కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. మొహం మీద పడ్డ టోపీ తీసింది.

స్ట్రేక్.

తలెత్తి చూసింది. దూరంగా గొడుగు నీడలో, అదే గళ్ళ చొక్కాతో, కుర్చీలోంచి లేస్తున్నాడు మాడెర్న్.

ఫించ్ రొప్పుతూ వచ్చాడు. "మొహం కప్పండి. లారీ ఎక్కించండి. హీరోకి డూప్ ఉన్నాడని, ఆ డూప్ విలనేనని జనానికి తెలిస్తే కంపెనీ మునిగిపోతుంది."

"మునగనీ," అంది ఓర్ఫా. "మా ఇంటికి మోయండి."

"నిన్నటిదాకా మీరే గదా గుమ్మం తొక్కనివ్వంది?"

"నా గుమ్మం, నా ఇష్టం. పక్కకి జరుగు."

"ఎవడైనా ముట్టుకున్నాడో, ఉద్యోగం ఊడుతుంది," అని అరిచాడు ఫించ్.

"నాది ముందు ఊడగొట్టు," అంటూ డచ్ భుజం పట్టాడు. కంపెనీ సినిమాల్లో బందిపోట్లూ, షెరీఫులూ, తాగుబోతులూ ఒక్కొక్కరే వచ్చి చేతులు వేశారు. జనం కళ్ళముందే, వీధి వెంటే మోసుకెళ్ళారు.

ఓర్ఫా తన మంచం మీద పడుకోబెట్టించింది.

స్ట్రేక్ కళ్ళు తెరిచాడు. "చొక్కా చూసి... మోసపోయినట్టున్నారు అమ్మగారూ."

"మాట్లాడకు. ఒళ్ళు అలిసిపోతుంది."

పక్క ఊరి నుంచి డాక్టరు వచ్చేసరికి ఊపిరి లేదు.

ఓర్ఫాకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మాడెర్న్ మీదికి వెళ్ళింది.

"మీ బదులు ఇంకొకడు చస్తుంటే గొడుగు కింద ఎలా కూర్చున్నారు? వరదలో దూకి నన్ను లాగిన మనిషేనా మీరు?"

"వద్దు, ఏమీ చెప్పొద్దు," అంటూ ఫించ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వసారా నిండా జనం.

మాడెర్న్ ఆ చెయ్యి విదిలించి కొట్టాడు. అందరికీ వినపడేలా అన్నాడు.

"నాకు ఈత రాదు, ఓర్ఫా గారూ."