తనిఖీ చెత్త

"బావా, కొంప మునిగింది! బొమ్మ మళ్ళీ ఎక్కుతోంది!"

ఫోనులో బావమరిది గొంతు వినగానే సిమెంటు ఫ్యాక్టరీ మేనేజరు ఫోను చెవికి అదుముకున్నాడు. పక్కనే తనిఖీ అధికారిణి నిలబడి, బెల్టు మీద పైకి పోతున్న చెత్తను రెప్పవేయకుండా చూస్తోంది.

"అలాగేనండీ, బట్టీ వేడి బాగానే ఉంది," అన్నాడు మేనేజరు ఫోనులో, గట్టిగా.

"బట్టీ గొడవెందుకు బావా? ఆ ఒంటికన్ను బొమ్మ, ఏరి పారేయడం మరిచిపోయాను! ఆవిడ ఇందాకే చూసింది. ఇప్పుడు రెండోసారి వస్తోంది!"

మేనేజరు ఫోను జేబులో వేసుకుని నుదురు తుడుచుకున్నాడు.

బొగ్గు మానేశాం, ఊరి చెత్తతోనే బట్టీ మండిస్తున్నాం అని గేటు మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయించింది ఈయనే. అది అబద్ధమని తేలితే ముందు ఊడేది ఈయన కుర్చీ. నిజానికి ఊరి చెత్తను ఒకసారి బట్టీలో వేసి చూశారు. నీళ్ళోడే గుడ్డలు, కుళ్ళిన తొక్కలు. బట్టీకి చలి పుట్టింది, మేనేజరుకు చెమటలు పట్టాయి. మర్నాటి నుంచి గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ బొగ్గే.

అందుకే బావమరిది తాను అద్దెకు తిప్పే ఈ సరుకు పట్టుకొచ్చాడు. దానికి వాడు పెట్టుకున్న పేరు 'తనిఖీ చెత్త'. ఉతికి ఆరేసిన సంచులు, తుడిచిన సీసాలు, మడత నలగని అట్టపెట్టెలు, అన్నీ పెళ్ళివారిలా ముస్తాబై ఉంటాయి. బెల్టెక్కి పైకి పోతాయి. గోడ అవతల లారీలో పడతాయి. లారీ చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ ఇవతల దించుతుంది. "ఒక్క ముక్క కాల్చావంటే నా పొట్ట కొట్టినట్టే బావా," అని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"ముక్కుకు మాస్కు తెప్పించమంటారా మేడమ్?" చూపు మళ్ళించబోయాడు మేనేజరు.

"అక్కర్లేదు."

"పోనీ, లోపల టీ..."

"చెత్త చూడ్డానికొచ్చాను, టీకి కాదు. రోజంతా ఇలాగే వస్తుందా?"

"రోజంతా మేడమ్. ఊరు కొంటూనే ఉంటుంది, పారేస్తూనే ఉంటుంది."

"అంతా కాలిపోతుందా?"

"భేషుగ్గా. మిగిలిన బూడిద కూడా సిమెంటులో కలిసిపోతుంది."

అప్పుడే అది వచ్చింది. ఎర్ర గౌను, ఊడిన చెయ్యి. వెల్లకిలా పడుకుని దర్జాగా వస్తోంది. ఉన్న ఒక్క కన్నూ మేనేజరునే చూస్తున్నట్టుంది.

మేనేజరు కాలు జారినట్టు బెల్టు మీదికి తూలాడు. లేచేసరికి రెండు చేతులూ వీపు వెనక ఉన్నాయి.

"ఏమిటది?"

"నడుం పట్టేసింది మేడమ్."

"చెయ్యి చూపించండి."

కుడి చెయ్యి చాపాడు.

"రెండోది."

బొమ్మను కుడి చేతిలోకి మార్చి ఎడమ చెయ్యి చాపాడు.

"రెండూ కలిపి."

బొమ్మ బయటికొచ్చింది. ఆవిడ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందాక పైకెళ్ళి కాలిపోయింది ఇదే కదూ?"

"ఇలాంటివి ఊళ్ళో బోలెడు మేడమ్..."

"అన్నిటికీ ఒకటే కన్నా?"

గోడ వెనక నుంచి తొంగిచూస్తున్న బావమరిది తల చటుక్కున మాయమైంది.

"పిల్లలు గలవాణ్ణి మేడమ్," చేతులు జోడించాడు. "ఈ ఒక్కసారికీ..."

ఆవిడ చుట్టూ చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు. బొమ్మ గౌను సర్ది, జుట్టు దువ్వి, దాన్ని జాగ్రత్తగా మళ్ళీ బెల్టు మీద పడుకోబెట్టింది.

"బుద్ధుందా మీకు, దీన్ని తీసేస్తారా?" గొంతు తగ్గించి కసిరింది. "రేపు నా తనిఖీ పక్క ఫ్యాక్టరీలో. అక్కడ ఇది కనబడకపోతే, నిజం చెత్త తెచ్చారేమోనని హడలి చావనూ?"