విడువె

“ఆ మాట నాకొదిలేయండి. నేను చూసుకుంటాను,” అన్నాడు సంపాదకుడు.

“విడో అన్న మాట చూస్తే నేనేం కళ్ళు తిరిగి పడిపోనండీ. ఇటివ్వండి,” అంటూ సహాయకురాలు కాగితం లాక్కుంది.

ఇంగ్లీషు మాటల పుట్టుకలు చెప్పే నిఘంటువు అది. ఆ ఇరుకు గదిలో ఎదురెదురు బల్లల దగ్గర ఇద్దరూ ఏళ్ళ తరబడి పనిచేసి, చివరికి డబ్ల్యూ దాకా వచ్చారు. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన సంపాదకుడు ఈరోజుతో రిటైరై అక్క ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఆమె ఈ ఊళ్ళోనే ఉంటుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఒంటరి ఆడవాళ్ళకి గది ఇవ్వనని మొదట మొండికేసిన ఇంటావిడ, ఈమె భర్త ఓడ ప్రమాదంలో పోయాడని వినగానే కరిగిపోయి తాళంచెవి చేతిలో పెట్టిందట.

“పాత ఇంగ్లీషులో ‘విడువె’. ఎవర్నో విడువమంటున్నట్టు లేదూ?” అంది.

“చెవికలా తగులుతుంది గానీ తెలుగుతో చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘విదువ’. సంస్కృతంలో...” ఆగిపోయాడు.

“విధవ. అనండి, పర్లేదు.”

“వీటన్నిటి వెనక, ఎవరూ రాసిపెట్టని ఓ పాత భాష ఉంది. అందులో ఈ మాటకి చావుతో పనిలేదంటారు. వేరుపడటం, అంతే.”

“మరి ‘ధవుడు’ లేనిది విధవ అంటారుగా?”

“అది తర్వాత అల్లింది. విధవే ముందు పుట్టిందట. ఆ మాటని విరిచి, అందులోంచి మొగుణ్ణి తయారుచేశారు.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“క్షమించండి, నొప్పించాను,” అన్నాడాయన కంగారుగా.

“లేదండీ.”

“ఆయన... ఎలా ఉండేవారు?” ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

ఆమె ఆయన మొహంలోకే చూస్తూ చెప్పింది. “మాట తక్కువ. కోపం రాదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని సగం మాటలు మింగేసేవారు.”

“ఇంకా తలుచుకుంటుంటారా?”

“రోజూ.”

సంపాదకుడు తలూపాడు. సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“ఒక సంగతి అడుగుదామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. కానీ అలాంటి మనిషి ఉన్న చోట ఇంకొకరికి చోటెక్కడ? వద్దులెండి.”

ఆమె కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ తిరిగి గుమ్మం చేరేసరికి ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది.

ఆమెకు పెళ్ళే కాలేదు.